ప్రమేయ పద్ధతిలో ప్రోగ్రాము రచన
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని ఇంటర్మీడియట్ ముగించి కంప్యూటరు విద్యకై బయలుదేరు విద్యార్థికి త్రోవలో ఒక భయము తోడువచ్చును. మొదటి రెండు ఊళ్లవారు రైలెక్కుదురు. భూపాలపల్లికి రైలు లేదు గావున అచ్చటివారు పరకాల మీదుగా హనుమకొండ బస్సెక్కుదురు. ఎక్కిన బండి ఏదైనను భయ మొక్కటే: తెలుగులో చదివిన లెక్కలు అక్కడ పనికివచ్చునా? పూర్వపు వరంగల్లు జిల్లాలోని ఈ మూడు ఊళ్లును 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలకు కేంద్రములైనవి. కాని పెద్ద చదువునకు త్రోవ నేటికిని వరంగల్లు వైపో, హైదరాబాదు వైపో పోవుచున్నది.

విద్యాసంస్థలు దూరమున లేవు. వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు 1959 అక్టోబరు 10న పండిత జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయినది. కాకతీయ విశ్వవిద్యాలయము 1976లోను, హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ 1998లోను ఏర్పడినవి. చేరిన విద్యార్థి అడుగు మొదటి ప్రశ్న, "ఏ భాష నేర్చినచో ఉద్యోగము వచ్చును?" అని. అప్పు చేసి చదివించు తండ్రికి ఆ ప్రశ్న తప్పుగా తోచదు. తోచవలసిన పనియు లేదు. అయినను ఒకనాడు ఫోర్ట్రాన్, మరియొకనాడు పాస్కల్, ఆపైన సి, జావా, పైథాన్ అని ఆ ప్రశ్నకు జవాబు మారుచునే వచ్చినది. మొదటి ఏట విన్న జవాబు నాలుగవ ఏటికి పాతబడుటయు కలదు. భాషలు మారినను మారని దానిని నేర్పు పాఠములు కొన్ని కలవు. ఫంక్షనల్ ప్రోగ్రామింగు అట్టిది.

ఇంగ్లీషులోని 'ఫంక్షన్' అను మాటకు తెలుగు అకాడమి పాఠ్యపుస్తకములలో 'ప్రమేయము' అని పేరు. 1968లో స్థాపితమైన ఆ సంస్థ ప్రకటించిన ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు 'గణితము 1-ఎ' పుస్తకమున అనేక సంవత్సరములు మొదటి అధ్యాయము ప్రమేయములు, రెండవది గణితానుగమనము. ప్రదేశము, సహప్రదేశము, వ్యాప్తి, సంయుక్త ప్రమేయము, తత్సమ ప్రమేయము – ఇవి యన్నియు అందు నేర్పబడినవే. పరీక్షలో ఒక పెద్ద ప్రశ్న వచ్చునని కంఠస్థము చేసి, వ్రాసివచ్చిన మరునాడే మరచిపోవు అధ్యాయములవి. విచిత్రమేమనగా, విశ్వవిద్యాలయమున చెప్పు ఫంక్షనల్ ప్రోగ్రామింగు నిలుచుటకు కాళ్లు ఆ రెండే. మహబూబాబాదులో వానిని తెలుగున శ్రద్ధగా చదివిన బాలిక ఈ పాఠమునకు వచ్చునప్పటికి ఎవరికంటెను ఒక మెట్టు క్రింద నుండదు. పట్టణమున ఇంగ్లీషులో చదివి, ఆ అధ్యాయములను మరచినవానికంటె ఒక మెట్టు పైననే యుండును.

ప్రమేయమనగా ఏమి? ఒక విలువ నిచ్చినచో దానికి తగిన ఒక్క విలువను తిరిగి యిచ్చునది. ఏడెనిమిదులు యాబదియారు. ఉదయ మడిగినను, సాయంకాల మడిగినను, జనగామలో నడిగినను, భూపాలపల్లిలో నడిగినను యాబదియారే. అడిగినందువలన ఎక్కముల పుస్తకములో ఒక్క అక్షరమును మారదు. ప్రోగ్రాము మొత్తము ఇట్టి ప్రమేయముల కూర్పుగా వ్రాయవలెననుట ఈ పద్ధతి. ఒక ప్రమేయము ఇచ్చిన ఫలితమును మరియొక ప్రమేయమునకు అందించుట సంయుక్త ప్రమేయము. పెద్ద ప్రోగ్రాములు అట్లే పెరుగును.

వాడుకలోనున్న మామూలు పద్ధతి వేరు. అందు యంత్రపు జ్ఞాపకము గదులు గదులుగా నుండును. ప్రోగ్రాము ఒక గదిలోని అంకెను చెరిపి మరియొకటి వ్రాయుచు పోవును. బీజగణితము చదివిన బాలునికి మొదటి దినముననే నల్లబల్లపై 'ఎక్స్ = ఎక్స్ + 1' అని కనబడును. ఊరి బడిలో ఇట్లు వ్రాసినచో పంతులుగారు చెవి మెలిపెట్టియుందురు. ఇక్కడ అది సరియైన వాక్యమని, దానిని సమీకరణముగా చదువరాదని చెప్పుదురు. విద్యార్థి నమ్మి తల యూపును. వాని బీజగణితము ఆనాటితో ప్రక్కకు పోవును. ప్రమేయ పద్ధతిలో ఆ వాక్యమునకు చోటు లేదు. ఒకసారి పేరు పెట్టిన విలువ మారదు. సమమనగా సమమే.

చెరపరాదను నియమము గ్రామమునకు క్రొత్త గాదు. గ్రంథాలయపు ప్రవేశ సంఖ్యల రిజిస్టరునే చూడుడు. పుస్తకము చినిగిపోయినను, పోయినను, దాని వరుసను చెరిపి అందు మరియొక పుస్తకము పేరు వ్రాయరు. క్రొత్తదానికి క్రొత్త సంఖ్య వేయుదురు. తెలంగాణమున పట్వారీలు ఏటేట పహాణీ వ్రాసెడివారు. నిరుటి పహాణీని దిద్ది ఈయేటిదిగా చేయలేదు; నిరుటిది అట్లే యుంచి ఈయేటిది వేరుగా వ్రాసిరి. అందువలననే 1954-55 నాటి ఖాస్రా పహాణీ తరువాతి తరముల భూవివాదములలోను సాక్ష్యముగా నిలిచినది. ఆ ప్రతిని ఏటేట చెరిపి వ్రాసియుండినచో ఏ రైతు పట్టా ఎక్కడ తప్పినదో చెప్పగలవారు ఉండెడివారు కారు. ప్రోగ్రాములలోని తప్పును పట్టుటయు ఇట్టిదే. ఎవరు ఎప్పుడు ఏ గదిని చెరిపిరో తెలియని చోటనే వెదకుట కష్టమగును.

ఇక రెండవ కాలు గణితానుగమనము. గ్రంథాలయమునకు మూడు దినములలో వచ్చిన పాఠకుల సంఖ్యలు 12, 7, 9 అనుకొనుడు. మొత్త మెంత? ప్రమేయ పద్ధతిలో నియమము రెండే వాక్యములు. ఖాళీ జాబితా మొత్తము సున్న. ఖాళీ కాని జాబితా మొత్తము, మొదటి సంఖ్యకు మిగిలిన జాబితా మొత్తమును కలిపినది. పండ్రెండునకు మిగిలిన రెంటి మొత్తము, ఏడునకు మిగిలిన ఒక్కదాని మొత్తము, తొమ్మిదికి ఖాళీ జాబితా మొత్తమగు సున్న – ఇట్లు దిగి, తిరిగి పైకి వచ్చినచో 28. నియమము తన్ను తానే పిలుచుకొనుచున్నది. క్రొత్తవారికి ఇది పాము తన తోకను మ్రింగినట్లు కనబడును. కాని ప్రతిసారియు జాబితా ఒక సంఖ్య తగ్గుచున్నది గనుక ఎక్కడనో ఆగకతప్పదు. ఈ నియమము ఎంత పొడవైన జాబితాకైనను సరియని నిరూపించుట యెట్లు? ఖాళీదానికి సరి, కొంత పొడవునకు సరియైనచో దానికంటె ఒకటి పొడవైనదానికిని సరి. ఇంటర్మీడియట్‌లో 'ఎన్' కు సత్యమైన 'ఎన్ + 1' కు సత్యమని వ్రాసిన రుజువే ఇది. అచ్చట మార్కులకై వ్రాసినది ఇచ్చట యంత్రము తప్పు చేయదనుటకు హామీ యగుచున్నది.

ఈ విద్య కంప్యూటరుకంటె ముందు పుట్టినది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో అలొంజో చర్చ్ అను తర్కశాస్త్రజ్ఞుడు 1930ల దశకమున ప్రమేయములతోనే గణన నంతటిని చెప్పవచ్చునని లాంబ్డా కలనమును రచించెను. దానినుండి ప్రేరణ గొని జాన్ మెకార్తీ 1958లో లిస్ప్ అను భాషను ఆరంభించి, 1960లో దానిపై వ్యాసము ప్రకటించెను. ఇచ్చట తెలుగువారి కథ ఒకటి తగులును. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించి, తన కుటుంబమున కళాశాల మెట్టెక్కిన మొదటి వ్యక్తియైన రాజ్ రెడ్డి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆ మెకార్తీ వద్దనే శిష్యరికము చేసి 1966లో డాక్టరేటు పొందెను. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగు పురస్కార మందుకొనెను. ఆయన కీర్తి ప్రమేయ పద్ధతివలన వచ్చినది కాదు. మనుష్యుని మాటను యంత్రము గ్రహించు విద్యవలన వచ్చినది. అయినను పల్లెనుండి వెడలిన తెలుగు బాలుడు ఈ విద్యకు మూలపురుషుని యెదుట కూర్చుండి చదివెననుట గ్రంథాలయమున పిల్లలకు చెప్పదగిన మాట.

ఫోర్ట్రాన్ భాషను 1957లో లోకమునకిచ్చిన జాన్ బాకస్ చర్య మరింత ఆశ్చర్యకరము. గదులను చెరిపి వ్రాయు పద్ధతికి ఆయన భాషయే మొదటి పెద్ద ఉదాహరణము. 1977లో ట్యూరింగు పురస్కారము స్వీకరించుచు ఆయన చేసిన ఉపన్యాసము ఆ పద్ధతిని విమర్శించి ప్రమేయ పద్ధతిని సమర్థించినది. తాను కట్టిన ఇంటి పునాదిని తానే నిండుసభలో ప్రశ్నించుటకు ధైర్యము కావలెను. ఆ తరువాత 1987లో పండితుల సంఘ మొకటి చేరి హాస్కెల్ అను భాషను ఆరంభించినది. దాని మొదటి నివేదిక 1990లో వెలువడినది.

ఇన్నాళ్లు పండితుల విద్యగా నున్న ఇది బజారులోనికి వచ్చుటకు ఒక కారణము యంత్రముల సంఖ్య. కాకతీయ ఖని గనులలో మూడు షిఫ్టుల బొగ్గును లెక్కించుట తలచుకొనుడు. ముగ్గురు గుమాస్తాలు ఒకే పలకపై చెరిపి వ్రాసినచో ఒకరి అంకె నొకరు చెరుపుదురు. ఎవరి లెక్క వారు వేరుగా వేసి, కడపట కూడినచో ఏ క్రమమున కూడినను మొత్తము మారదు. గూగుల్ సంస్థ 2004లో ప్రకటించిన 'మ్యాప్ రెడ్యూస్' పద్ధతి వేల యంత్రములచే ఇట్టి లెక్కనే చేయించినది. ఆ పేరులోని రెండు మాటలును లిస్ప్ నుండి గ్రహించినవే. 2014లో జావా భాషయు లాంబ్డాలను తనలో చేర్చుకొనినది. ఉద్యోగమునకు జావా చాలునని ఈ పాఠమును వదలినవారు జావాలోనే దానిని మరల నేర్వవలసి వచ్చినది.

లోపములు లేవనుట సత్యము కాదు. పాతది చెరపక క్రొత్తది వ్రాయుటకు చోటు కావలెను. కొన్ని పనులలో వేగము తగ్గును. డబ్బు బట్వాడా చేయుట, కాగితముపై అచ్చు వేయుట మొదలైనవి లోకమును మార్చు పనులే. వానిని ఎక్కములవలె తలచుటకు వీలులేదు. అందుచే ఈ పద్ధతివారు అట్టి పనులను ప్రోగ్రాము అంచున నుంచి, నడుమనున్న లెక్కను శుద్ధముగా నుంతురు. ఇంటిలో చెప్పులు గుమ్మము దగ్గర విడుచుట వంటిది.

హైదరాబాదులోని జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు బి.టెక్. పాఠ్యప్రణాళికలలో 'ప్రోగ్రామింగు భాషల సూత్రములు' అను పాఠ్యాంశమున లిస్ప్, ఎం.ఎల్., హాస్కెల్ భాషలకు ఒక భాగమున చోటు లభించినది. ఒక భాగము చాలదు. పరీక్షల తొందరలో వదలివేయుటకు అదియే అనువుగా కనబడును. వదలక చదువగోరువారికి సామగ్రి కొదువలేదు. ఏబెల్సన్, సస్మన్ పండితులు 1985లో ప్రకటించిన పాఠ్యగ్రంథమును ఇంటర్నెట్టులో ఉచితముగా చదువవచ్చును. స్కాలా భాషను నిర్మించిన మార్టిన్ ఓడర్‌స్కీ 2012 నుండి ఇంటర్నెట్టు ద్వారా లోకమున కంతటికి ఈ సూత్రములనే బోధించెను. హాస్కెల్‌కు వెల లేదు. ఇంగ్లీషు అడ్డు వచ్చుచోట గ్రంథాలయపు బీరువాలోని తెలుగు 'గణితము 1-ఎ' ప్రక్కన పెట్టుకొని చదివినచో సగము అడ్డు తొలగును.

మొదట కంప్యూటరైనను అక్కరలేదు. పెన్సిలు, కాగితము చాలును. జాబితా మొత్తమునకు చెప్పిన నియమమువలెనే, జాబితాలోని అన్నిటికంటె పెద్ద సంఖ్యను తెలుపు నియమమును వ్రాయుడని పిల్లల నడుగవచ్చును. రెండవ వాక్యము వారు వెంటనే వ్రాయుదురు: మొదటి సంఖ్య, మిగిలినవానిలో పెద్దది – ఈ రెంటిలో పెద్దది. మొదటి వాక్యము దగ్గర ఆగిపోవుదురు. ఖాళీ జాబితాలో అన్నిటికంటె పెద్ద సంఖ్య ఏది? కొందరు సున్న యందురు. అప్పుడు జాబితాలో ఋణసంఖ్యలు మాత్రమే యున్నచో ఏమగునని అడుగవలెను. ఈ నియమము ఖాళీ జాబితాకు వర్తింపదని, ఒక్క సంఖ్య గల జాబితాతోనే ఆరంభింపవలెనని వారిలో ఎవరో ఒకరు చెప్పుదురు. ఆ పిల్ల చెప్పినది ప్రమేయపు ప్రదేశము. మొదటి అధ్యాయమున, మొదటి పుటలలో నున్నది.