లెక్కకెక్కిన టవలు, లెక్కకెక్కని చేతులు

(షోలాపూర్ కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



దేశం ఉత్పత్తి ఇంత శాతం పెరిగిందని పేపర్లలో చదువుతున్నాం. కూలీ పెంచమంటే మాత్రం గిరాకీ లేదంటారు. మరి పెరిగిందేమిటి? అందులో ఎవరి శ్రమ ఉంది? ఈ రెండు ముక్కలూ చెప్పి కూర్చుంటాను.

స్థూల దేశీయోత్పత్తి, అంటే జీడీపీ, ఒక ఏడాదిలో దేశంలో తయారైన సరుకుల, సేవల విలువ. ఒకే సరుకును రెండుసార్లు లెక్కించరు. ఒక టవలుకు నూలు, రంగు, కరెంటు కలిపి 60 రూపాయలు పట్టి, 100కు అమ్ముడుపోయిందనుకోండి. మన షెడ్డు ఖాతాలో పడేది 40 మాత్రమే. మన కూలీ, యజమాని లాభం, బ్యాంకు వడ్డీ, సాంచాల అరుగుదల అన్నీ ఆ 40 లోనే. కూలీకి 8 ఇచ్చినా, 18 ఇచ్చినా జీడీపీకి అది 40 రూపాయలే. పంపకం సంగతి అది చెప్పదు.

ఇక ఇంటికి రండి. పొద్దున మనకు డబ్బా కట్టిచ్చింది ఎవరు? అదే డబ్బా ఖానావళిలో కొంటే జీడీపీలో చేరుతుంది. ఇంట్లో వండితే చేరదు. ఆమె బీడీలు చుడితే లెక్కకొస్తుంది. చేట పక్కనబెట్టి జ్వరమొచ్చిన బిడ్డను చూసుకుంటే రాదు. ఇంట్లోనే సాంచాలున్న చోట ఆమె చుట్టిన కండెల విలువ టవలు ధరలో కలిసిపోతుంది. సరుకు లెక్కకెక్కింది, ఆమె చేతికి మాత్రం పైసా రాలేదు.

ఇది నేడు బయటపడ్డ లోపం కాదు. 1934లో అమెరికా సెనేట్‌కు జాతీయాదాయం లెక్కగట్టి ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్, ఇల్లాళ్ళ పనిని చేర్చలేదని ఆ నివేదికలోనే చెప్పాడు. ఆ అంకెను చూసి ప్రజల బాగోగులు తేల్చవద్దనీ హెచ్చరించాడు. మన ప్రభుత్వమే 2024లో జరిపిన సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. 289 నిమిషాలంటే సగం షిఫ్టుకు పైనే!

జీడీపీ దండగని నేననను. అది చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో తెలిసి మాట్లాడదాం. కూలీ చర్చలకు పోయేటప్పుడు రెండు లెక్కలు పట్టుకుపోదాం: టవలు మీద చేరిన విలువలో కూలీ వాటా ఎంత? కండెలకు విడిగా రేటు ఎంత? సోదరులారా, మూడో లెక్క ఇంటికి పోయి వేసుకుందాం: ఆ ఇంటిపనిలో మన నిమిషాలెన్ని?