పాత లోడరు కొనేముందు ఒక పూట పరీక్ష
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకునే వేదిక మీద మట్టి యంత్రాల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. మన ఇళ్లలో కొందరు అబ్బాయిలు "నాన్నా, పాత జె.సి.బి. ఒకటి కొనుక్కుని పనులు చేసుకుంటాను" అంటున్నారు. మనం గ్రాట్యుటీలోంచో, కమ్యుటేషన్‌లోంచో తీసి ఇస్తున్నాం. కమ్యూట్ చేసిన పెన్షను భాగం తిరిగి రావాలంటే 15 సంవత్సరాలు ఆగాలి. అలాంటి సొమ్ము పెట్టేముందు ఒక పూట సమయం పెట్టి యంత్రాన్ని పరీక్షించమని చెప్పడమే నా ఉద్దేశం.

జె.సి.బి. అనేది నిజానికి కంపెనీ పేరు. 1945లో ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ దాన్ని స్థాపించాడు. మన దేశంలో 1979లో తయారీ మొదలైంది. ముందు బకెట్టు, వెనుక తవ్వే చెయ్యి ఉన్న యంత్రం అసలు పేరు బ్యాక్‌హో లోడరు. రబ్బరు పట్టాల మీద నడిచే చిన్న యంత్రం ట్రాక్ లోడరు. రెండింటికీ కండబలం హైడ్రాలిక్ ఆయిలుదే. ఇంజను పంపును తిప్పుతుంది, పంపు ఆయిలును తోస్తుంది, వాల్వు దారి చూపుతుంది, సిలిండరు బరువు ఎత్తుతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు. ఈ గొట్టాల్లో 200 బార్లు, అంతకు పైన కూడా ఉంటుంది.

ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే సగం విద్య వచ్చినట్టే. పంపు ఇచ్చేది ప్రవాహం; దానికి బరువు అడ్డు తగిలినప్పుడు ఒత్తిడి పుడుతుంది. యంత్రం బరువు ఎత్తుతుంది గాని నెమ్మదిగా ఎత్తుతుందంటే ప్రవాహం తగ్గిందన్నమాట. ఖాళీగా చురుగ్గా కదిలి, బరువు పెట్టగానే ఆగిపోతే ఒత్తిడి నిలవడం లేదన్నమాట.

ఇక పరీక్ష క్రమం చెబుతాను.

మొదటిది ఆయిలు. ఇంజను స్టార్టు చేయకముందే చూడాలి. పాలలా తెల్లబారితే నీరు కలిసింది. నురగ కడుతుంటే గాలి చేరుతోంది. నల్లబడి మాడు వాసన వేస్తే యంత్రం చాలాకాలం వేడెక్కి పనిచేసింది. ఫిల్టరు విప్పించి కోయించండి. ఇత్తడి రంగు రజను కనిపిస్తే పంపు అరుగుతున్నట్టు అనుమానించాలి. రబ్బరు ముక్కలు కనిపిస్తే సీళ్లో, గొట్టాలో చివికాయి. అయస్కాంతం ఇనుప రజనునే పట్టుకుంటుంది కాబట్టి కంటితో కూడా చూడాలి.

రెండవది శబ్దం. పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు వినిపిస్తే దానికి ఆయిలు సరిగా అందడం లేదు. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టం క్లాంపు వదులైతే ఆయిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకని కంటికి దొరకదు. ఈ చిన్న లోపానికి పంపునే మార్చేవారున్నారు. గాలి పోయే దారి మూయకపోతే కొత్త పంపూ పాడవుతుంది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, వేడి మీద పరీక్ష. చల్లగా ఉన్నప్పుడు ఆయిలు చిక్కగా ఉండి లోపలి అరుగుదలను కప్పిపుచ్చుతుంది. కొందరు అమ్మకందార్లు 46 నంబరు ఆయిలు పోయవలసిన చోట 68 నంబరు పోసి ఇదే పని చేస్తారు. బకెట్టు నేల నుంచి పైకి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వాచీ చూసి రాసుకోండి. తరువాత గంటసేపు గట్టి పని చేయించి మళ్లీ లెక్కపెట్టండి. రెండింటికీ బాగా తేడా వస్తే లోపల ఆయిలు జారిపోతోంది. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన సెకన్లతో పోల్చితే ఇంకా మంచిది.

నాలుగవది, లోపం అన్నిటికీ ఉందా, ఒక్కదానికేనా? అన్ని కదలికలూ మందగిస్తే ఆయిలు, ఫిల్టరు, పంపు, ప్రధాన రిలీఫ్ వాల్వు చూడాలి. ఒక్క కదలికే మందగిస్తే ఆ సిలిండరు, దాని వాల్వు, దాని గొట్టాలు చూడాలి. బరువుతో బకెట్టు ఎత్తి, ఇంజను ఆపి, పది నిమిషాలు దూరంగా నిలబడి గమనించండి. త్వరగా దిగిపోతుంటే పిస్టను సీలో, వాల్వో జారుతోంది. సీలు ఖర్చు తక్కువ, వాల్వు ఖర్చు ఎక్కువ. రెండింటిలో ఏదో మెకానిక్‌తో తేల్చుకున్నాకే బేరమాడాలి.

ట్రాక్ లోడరైతే మరొకటి ఉంది. దాని నడక కూడా హైడ్రాలిక్ మోటార్ల మీదే. ఒక పక్కకు లాగుతుంటే ముందు రెండు పట్టాల బిగువు సమానంగా ఉందో లేదో చూడండి. బిగువు సరిగా ఉన్నా లాగుతుంటే ఆ పక్క మోటారును, దానికి ఆయిలు పంపే పంపును అనుమానించాలి.

చివరగా ప్రెషరు గేజి. పై పరీక్షలన్నీ అనుమానాన్ని ఇస్తాయి, గేజి రుజువునిస్తుంది. అనుభవం ఉన్న మెకానిక్ చేత, వేడి మీద పెట్టించండి. అమ్మేవాని మెకానిక్ కాకుండా మీ మెకానిక్ కావాలి. బలం తక్కువగా ఉంటే కొందరు "రిలీఫ్ వాల్వు ఒక చుట్టు బిగిస్తే సరి" అంటారు. వినకండి. కొలత లేకుండా బిగిస్తే గొట్టాలు పగులుతాయి, పంపు త్వరగా పోతుంది.

ఒక హెచ్చరిక. ఇది డబ్బుకు కాదు, ప్రాణానికి సంబంధించినది. గొట్టం మీద సూదిమొనంత కారుడును చేత్తో తడిమి వెతకవద్దు. ఆ ఒత్తిడికి ఆయిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంతే కనబడుతుంది గాని లోపల కండ కుళ్లిపోతుంది, వేళ్లు తీసేయవలసి రావచ్చు. అట్ట ముక్క పెట్టి వెతకాలి. ఒకవేళ తగిలితే నొప్పి లేదని ఊరుకోక వెంటనే శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి పోవాలి. ఎత్తిన బకెట్టు కింద ఎవరూ నిలబడరాదు.

మిత్రులారా, కొత్త రంగు చూసి, మీటరు గంటలు చూసి అడ్వాన్సు ఇవ్వవద్దు. రిజిస్ట్రేషను, ఫైనాన్సు బాకీ కాగితాలు ఎలాగూ చూస్తారు. వాటితోపాటు ఈ పరీక్షకు ఒప్పుకుంటేనే బేరం అని ముందే చెప్పండి. మంచి యంత్రం అమ్మేవాడు గంటసేపు నడిపి చూపడానికి వెనుకాడడు. వెనుకాడితే మీకు జవాబు దొరికినట్టే. పిల్లల ఉత్సాహానికి అడ్డు పడమని నేననడం లేదు. వాళ్ల చేతికి డబ్బుతోపాటు ఈ కాగితం కూడా ఇవ్వమంటున్నాను.