మా అబ్బాయి ఇంటి పెద్ద కుందేలు

అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో 6 నెలలున్నాను. అక్కడ వాళ్ల కుందేలు పిల్లిలా ఇల్లంతా తిరిగేది. ఫ్లెమిష్ జెయింట్ జాతి, పుట్టిల్లు బెల్జియం. తూకం 7 కిలోలు! క్యారెట్ కాదు, ఎండుగడ్డే దాని అసలు తిండి. జీవితాంతం పెరిగే పళ్లు అరిగేది గడ్డి నమలడంతోనే.

ఓసారి చంకల కింద పట్టి ఎత్తబోయాను. "మామయ్యగారూ, వెనక కాళ్ల కింద చెయ్యి పెట్టండి! తన్నుకుంటే వెన్ను విరుగుతుంది" అంటూ కోడలు పరుగెత్తుకొచ్చింది.

మరోరోజు అది మేత ముట్టలేదు. "రేపు చూద్దాంలే" అన్నాను. వాళ్లు వినకుండా అప్పుడే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. పేగులు కదలడం మానేశాయట. తెల్లారేదాకా ఆగితే దక్కేది కాదేమో.

ఇక్కడ మా అమ్మాయి కూతురు అలాంటిదే కావాలంది. నున్నటి గచ్చుమీద దాని పాదాలు పుండ్లు పడతాయి. మన ఎండలకు అసలు తాళలేదు. మా ఇంట్లో ఏసీ లేదు. వద్దన్నాను. పాప నాతో ఇంకా మాట్లాడటం లేదు.