గడ్డి కట్టల్లో మిగిలేదెంత?

వరికోత మిషన్ వెళ్లాక గడ్డి తగలబెట్టకుండా కట్టలు కట్టించి, ఎండాకాలం పాడి రైతులకు అమ్ముదామనుకుంటున్నాం. ముందు 100 కట్టలకు లెక్క వేసుకుందాం. కట్టకు మిషన్ కిరాయి 30 రూపాయలు, ట్రాక్టర్‌కు 10, టార్పాలిన్‌కు 5 అనుకుంటే ఖర్చు 4,500. కట్ట 60 చొప్పున అమ్మితే 6,000 వస్తుంది. మిగిలేది 1,500. మోసి, వామి వేసిన ముగ్గురి కూలి 300 చొప్పున 900 తీసేస్తే లాభం 600. పది కట్టలు తడిసి బూజు పట్టాయంటే ఆ 600 కూడా పోయినట్టే! అందుకే గడ్డి బాగా ఆరాకే కట్టిద్దాం. కింద కర్రలు పరిచి పేరుద్దాం, పైన టార్పాలిన్ కప్పుదాం. మన కూలిని కూడా ఖర్చులో రాద్దాం. సొంత మిషన్ కొనే మాట ఒక పంట లెక్క చూసుకున్నాకే.