అట్టపెట్టె మీది అంకెలు

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే వరికుంటపాడు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఇళ్లలో ఒకటే చర్చ: పిల్లలకు ఏ ల్యాప్‌టాప్ కొనాలి? ఇంటెల్ ఐ5 అంటారు ఒకరు. ఏఎండీ రైజెన్ అంటారు ఇంకొకరు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనమామ ఫోన్ చేసి యాపిల్ తప్ప మరొకటి వద్దంటాడు. నెల్లూరుకో కావలికో వెళితే షాపులో గిగాహెర్ట్జ్‌లు, కోర్లు గడగడా అప్పజెబుతారు. ఆ అంకెలు అబద్ధం కావు. వాటిని పక్కపక్కన పెట్టి ఏది పెద్దదైతే అదే వేగం అనుకోవడంతోనే వస్తుంది చిక్కు.

ఈ తగువు నలభై ఏళ్ల నాటిది. 1982లో బ్రిటన్‌లో విడుదలైన సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌లో జెడ్80 ప్రాసెసర్, 3.5 మెగాహెర్ట్జ్. అంతకు కొద్ది నెలల ముందే వచ్చిన బీబీసీ మైక్రోలో 6502 ప్రాసెసర్, 2 మెగాహెర్ట్జ్. అంకె ప్రకారం స్పెక్ట్రమ్ గెలవాలి. కానీ ఆనాటి కంప్యూటర్ పత్రికలు ఒకే రకం బేసిక్ ప్రోగ్రామ్‌లను రెండింటి మీదా నడిపి చూస్తే, బీబీసీ మైక్రో సగానికన్నా తక్కువ సమయంలో ముగించింది. ఎంత చిన్న ఆదేశానికైనా జెడ్80కి కనీసం నాలుగు క్లాక్ టిక్కులు కావాలి, 6502కి రెండు చాలు. అడుగులు గబగబా పడటం వేరు, బారుగా పడటం వేరు. పైగా సోఫీ విల్సన్ రాసిన బీబీసీ బేసిక్ మహా చురుకైనది. కాబట్టి ఆ గెలుపులో చిప్ వాటా ఎంత, సాఫ్ట్‌వేర్ వాటా ఎంత అన్నది వేరే పంచాయితీ. మెషిన్ కోడ్‌లో రాసిన ఆటల్లో స్పెక్ట్రమ్ ఏమీ తీసిపోలేదు మరి!

1984లో మన కేంద్ర ప్రభుత్వం క్లాస్ పథకం కింద బడులకు ఇచ్చినవి ఆ బీబీసీ మైక్రోలే. వాటిని తయారు చేసిన ఏకార్న్ కంపెనీలోనే విల్సన్, స్టీవ్ ఫర్బర్ కలిసి రూపొందించిన ఆర్మ్ చిప్ 1985లో పుట్టింది. నేటి ఫోన్లలోనూ, 2020 నుంచి యాపిల్ ల్యాప్‌టాప్‌లలోనూ ఉన్నది ఆ వంశమే.

ఇప్పటి అట్టపెట్టెల సంగతికొస్తే, పేరు చూసి మోసపోయే అవకాశం ఇంకా ఎక్కువ. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు: చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. మొదటిదాంట్లో నాలుగు కోర్లు, అదీ 2019 నాటి జెన్ 2 డిజైన్. రెండోదాంట్లో ఆరు కోర్లు, జెన్ 3 డిజైన్. ఈ వరుసలో అంకెల్లో మూడోది చూస్తే తరం తెలిసిపోతుంది, కానీ షాపులో ఎవరు చెబుతారు? ఇంటెల్ కూడా తక్కువ తినలేదు. ఐ5 1235యులో పది కోర్లు, ఐ5 12450హెచ్‌లో ఎనిమిదే. అయినా బరువైన పనుల్లో ఎనిమిది కోర్లదే పైచేయి. పదింటిలో వేగమైన పెద్ద కోర్లు రెండే, ఎనిమిదింటిలో నాలుగు. మొదటిది 15 వాట్లకు, రెండోది 45 వాట్లకు తయారైంది. ఆ 45 వాట్ల యంత్రం బ్యాటరీని త్వరగా తాగేస్తుంది, కరెంటు పోయే ఊళ్లో అది చిన్న విషయం కాదు.

పనిని బట్టి తీర్పు మారుతుంది. పేజ్‌మేకర్ మీద పెళ్లి పత్రికలు వేసే డీటీపీ వారికి యాపిల్ వేగంతో నిమిత్తమే లేదు, ఆ సాఫ్ట్‌వేర్ నేటి మ్యాక్‌లలో నడవదు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవారికి ఇంటెల్‌లోని క్విక్ సింక్ అనే వీడియో సదుపాయం బాగా కలిసొస్తుంది. అయితే డెస్క్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. ఆ ఒక్క అక్షరం చూసుకోక డబ్బు మిగిలిందని సంబరపడేవారున్నారు.

ఇక ఎండ. ఏసీ షోరూమ్‌లో రెండు నిమిషాలు పరుగెత్తిన చిప్, మే నెలలో రేకుల గదిలో అదే వేగం చూపదు. లోపల వేడి 95, 100 డిగ్రీలకు చేరగానే తనంతట తనే నెమ్మదిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి సినీబెంచ్ ఆర్23 అనే వేగ పరీక్ష సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాని మల్టీకోర్ పరీక్ష పది నిమిషాలు ఆగకుండా సాగుతుంది. ఒకసారి చార్జర్ పెట్టి, ఒకసారి తీసేసి నడిపిస్తే యంత్రం అసలు సత్తా బయటపడుతుంది.

ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఇటీవలి తరం ఆరు కోర్ల రైజెన్ 5 గానీ దానికి దీటైన ఐ5 గానీ సరిపోతుంది. అంతకు మించి పెట్టే ముందు కాలేజీలో వాడే సాఫ్ట్‌వేర్ ఏదో సీనియర్లను అడగండి. షాపుకు వెళ్లేటప్పుడు ప్రాసెసర్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా, చీటీ మీద రాసుకుని వెళ్లండి. బిల్లు మీద కూడా ఆ పేరే రాయించుకోండి.