విస్మృతివ్యాధియు జన్యువారసత్వమును



కన్నబిడ్డల పేర్లనే మరచిన తల్లిని చూచి, వయసు మీదపడినదని సరిపెట్టుకొను సంసారములు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో నేటికిని కొల్లలుగా నున్నవి. 1906లో జర్మను వైద్యుడు అలాయిస్ ఆల్జైమర్, నడివయసుననే మతి చెడి మరణించిన తన రోగిణి మెదడులో కాంచిన మచ్చలను, చిక్కుపడిన తంతువులను ట్యూబింగెన్ సభయందు వర్ణించిన నాటినుండియు, ఇది వార్ధక్యము గాక వ్యాధియేయని వైద్యలోకమునకు క్రమక్రమముగా తెలియవచ్చినది.

1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ముదిమిలో వచ్చు ఈ వ్యాధికిని పందొమ్మిదవ క్రోమోజోముపై నున్న ఎపోఈ జన్యువునకును గల సంబంధమును వెల్లడించిరి. కొవ్వును మోయు మాంసకృత్తు నొకదానిని నిర్మించు ఈ జన్యువునకు ప్రధానముగా మూడు రూపములు కలవు. వానిలో నాల్గవ సంఖ్యతో పిలువబడు రూపము అపాయమును పెంచును. ఎంత పెంచును? ప్రశ్న చిక్కుబడుట యిచ్చటనే. మాతాపితరు లిరువురినుండియు ఆ రూపమునే పొందినవారికి అపాయము ఐరోపా సంతతివారిలో సుమారు 15 రెట్లు, జపానువారిలో 33 రెట్లు, ఆఫ్రికన్ అమెరికన్లలో 6 రెట్లకు లోపుగా నున్నట్లు 1997నాటి యొక బృహత్పరిశీలన తెలిపినది. నైజీరియాలోని యొరూబాలలో ఆ రూపము విరివిగా నున్నను వ్యాధితో దాని సంబంధము మిక్కిలి బలహీనము.

మన దేశమున, హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామములను పెన్సిల్వేనియాలోని యొక లోయతో పోల్చి 2000లో ప్రకటించిన అధ్యయనమున, ఆ రూపము అచ్చట 11 శాతముండగా ఇచ్చట 7 శాతమే యుండెను. అయినను అది యున్నవారికి కలుగు అపాయము మాత్రము ఇరుతావులను సమానప్రాయమే.

బల్లభ్‌గఢ్ లెక్క తెలుగువారికి వర్తించునా? హైదరాబాదు సీసీఎంబీ పరిశోధనసంస్థకు చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ గారలు సహపరిశోధకులతో 2009లో చూపినట్లు, మన కులములు తరతరములుగా తమలో తామే వియ్యమందుటచే ఒక్కొక్కటియు వేరువేరు జన్యుసముదాయముగా రూపొందినది. నూరు తరములకు పైబడి విడిగా నిలచిన వైశ్యులలో, శస్త్రచికిత్సవేళ మత్తుతో పాటిచ్చు ఒక కండర శిథిలీకరణౌషధమును విరిచివేయు ఎంజైము లోపము అధికముగా కనబడుట అందులకు తార్కాణము. కావున తెలుగువారినందరిని ఒకే త్రాసున తూచుట నాకు సమ్మతము కాదు. ప్రపంచ ప్రసిద్ధమైన వేయి జన్యుపటముల సంకలనమున బ్రిటనులోని తెలుగువారికి చోటు దక్కినది, సంతోషమే. కాని అందు దాతల ఆరోగ్య వృత్తాంతమేదియు చేర్చబడలేదు గనుక, వారి జ్ఞాపకశక్తి ముదిమిలో ఏమగునో ఆ పటములు చెప్పజాలవు.

జన్యువే సర్వస్వమనుటయు సరికాదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారి బృందము 648 మంది రోగులను పరిశీలించి, రెండవ భాష యెరిగినవారికి మతిభ్రంశము సుమారు నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా ప్రారంభమగుచున్నట్లు 2013లో ప్రకటించినది. అక్షరజ్ఞానము లేనివారిలోను ఈ భేదము కానవచ్చెను. తెలుగును, ఉర్దూను సమానముగా మాట్లాడు మన నల్లగొండ సీమ వృద్ధులకు ఇంతకంటె ఆసక్తికరమైన వార్త వేరొకటి యుండదు.

సూర్యాపేటలో 2019నుండి ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. చదువురానివారికి తగిన తెలుగు పరీక్షలతో ఆ ప్రాంతపు గ్రామముల పెద్దలను ఏటేట పరీక్షించుచు, వారి సమ్మతితో రక్తమును సేకరించుట ఆ కళాశాలకు శక్యమైన కార్యమే. అట్టి యధ్యయనము ఫలించువరకు, జపాను సంఖ్యనో అమెరికా సంఖ్యనో చూపి రోగి కుమారుని భయపెట్టుటకు మారుగా, అతని రక్తపుపోటును, మధుమేహమును, వినికిడిని పరీక్షింపుడని వైద్యమిత్రులను వేడుకొనుచున్నాను.