అరిగిన వ్రేలు



రిజర్వు బ్యాంకు 1951-52లో జరిపించిన గ్రామీణ ఋణ పరిశీలనమున, కర్షకుడు తెచ్చుకొన్న అప్పులో వాణిజ్య బ్యాంకుల వంతు నూటికొక రూపాయియైనను లేకపోగా, వడ్డీ వ్యాపారుల వంతు డెబ్బదికి సమీపమున నుండెను. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయములైన పిదప శాఖలు పల్లెలకు వచ్చినవి. 2014లో జనధన యోజనతో చేత రూపాయి లేనివారికిని ఖాతా దొరికినది. ఐనను ఖాతా దొరకుట వేఱు, బ్యాంకు దొరకుట వేఱు.

ఇది నా తప్పిదమువలననే నేను నేర్చుకొంటిని. ఒక గ్రామశాఖలో గుమాస్తాగా చేరిన తొలియేట, మనుమనికి జ్వరమని తన ఖాతాలోని సొమ్మునే తీసికొనవచ్చిన యొక వృద్ధురాలి బొటనవ్రేలిని స్టాంపుప్యాడుపై నెన్నిమార్లొత్తించినను, నాట్లలో నరిగిపోయిన యా వ్రేలు కాగితముపై నల్లని మచ్చయయ్యెనే కాని ముద్ర కాలేదు. “తెలిసినవారి నెవరినైన సాక్షిగా తోడుకొని రేపు రావమ్మా” యని పంపివేసితిని. ఆ రాత్రియే మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు వ్రాసియిచ్చెనని పిదప తెలిసినది. షావుకారును నిందించుట సులభమే. కాని చీకటిపడిన పిమ్మట తలుపు తీసినవాడతడే, ఆ నల్లని మచ్చనే ముద్రగా నంగీకరించినవాడును అతడే.

1992లో సారాపై తిరుగబడిన నెల్లూరు జిల్లా తల్లులు, దుకాణమున కరిగిపోవు కూలిడబ్బులోనుండి దినమున కొక రూపాయి దాచుకొని పొదుపు సంఘములైరి. పొలము లేదు, నగ లేదు. ఎవరెంత కట్టిరో, ఎవరి బాకీ తీరెనో వ్రాసికొన్న పుస్తకమే వారికి జామీను. అదే యేట నాబార్డు 500 సంఘములను బ్యాంకులతో ముడివేయ సంకల్పించెను. అప్పు సులభముగా పుట్టించుటయే సేవయనుకొన్న సూక్ష్మఋణ సంస్థలును లేకపోలేదు. వారము వారము వసూళ్లు ప్రాణములమీదికి రాగా, 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వానిని కట్టడిచేయుటకు ఆర్డినెన్సు తేవలసివచ్చెను.

ఇప్పుడు స్టాంపుప్యాడు పోయి గాజుపలక వచ్చినది. అరిగిన వ్రేలిని అదియు నొక్కొకప్పుడు గుర్తింపదు. నేడు పట్టములందుకొనుచున్న మీలో కొందరా యంత్రములను నిర్మింతురు, కొందరు కౌంటరు వెనుక కూర్చుందురు గనుక ఇంకొక్కమాట చెప్పి విరమింతును. ఆనాడు నేనడిగిన సాక్షి ఎక్కడనో లేడు. శాఖ యెదుట టీకొట్టువాడు ఆమెను పేరుపెట్టి పలుకరించుట, కుర్చీలో కూర్చుండియే నేను వింటిని.